గెడ్డకి ఎత్వం ఉంది

నేను రిటైరయ్యాక మా సెక్షన్‌కి ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా, వచ్చిన అమ్మాయి ఒకసారి ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాలాంటివాళ్లకి పనికొస్తాయి" అంది. సరే అన్నాను గానీ, ఏం రాయాలో చాలాకాలం తోచలేదు. ప్రమోషన్లు ఆలస్యంగా వచ్చాయి, బదిలీలు తొందరగా వచ్చాయి. అవి మీకూ వస్తాయి, నేను చెప్పక్కర్లేదు. మీటర్ల గొడవలూ, ఆడిట్ అభ్యంతరాలూ రాస్తే చదివేవాళ్లకి నిద్రొస్తుంది.

అందుకని ఒక్క కాలనీ గురించి రాస్తాను. కరెంటు డిపార్ట్‌మెంటులో నా సర్వీసులో సగం కరెంటు ఇవ్వడానికి పోతే, మిగతా సగం ఇవ్వకుండా ఆపడానికి పోయింది. ఆపిన రోజుల్లో ఎవరూ దండలు వేయరు, తిట్లే వస్తాయి. నాకు నోటి దురుసు అని మా డివిజన్‌లో పేరుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఈ తిట్లకి జవాబు చెప్పీ చెప్పీ వచ్చింది.

కాలనీ

కొత్తవలస నుంచి ఎస్.కోట వైపు వెళ్తూ, కిరండోల్ రైలు లైను దాటి లోపలికి తిరిగితే తాటిగెడ్డ. ఒకప్పుడు అదంతా మా వైపు చోడి అనే రాగులు, నువ్వులు పండే మెట్టభూమి. విశాఖలో స్థలం కొనలేనివాళ్లకి ఇక్కడ ఇల్లు కట్టుకునే దారి దొరికింది, లేఅవుట్ వెలిసింది. చిన్న కాలనీయే. ముందు మూడు వీధులు, వెనక ఒకటి, మధ్యలో పార్కు, ఆ పార్కులో పిల్లలు ఎక్కి జారడానికి పోసిన మట్టిదిబ్బ, చుట్టూ గోడ, రోడ్డు మీదికి ఓ కమాను.

ఒక కాలనీ ఎలా బతుకుతోందో ఎవరి ఇంటికీ వెళ్లకుండానే మాకు తెలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు చూస్తే చాలు. తెల్లారకుండానే గీజర్లు మొదలవుతాయి, అవి షిఫ్టు బస్సు పట్టుకోవాల్సినవాళ్లవి. తర్వాత మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్ల మోటార్లు ఒక్కసారిగా తగులుకుంటాయి. పది దాటేసరికి కాలనీ చల్లబడిపోతుంది. పెద్దవాళ్లు, బాలింతలు, పనిమనుషులు మిగులుతారు. సాయంత్రం అందరూ అలిసిపోయి తిరిగొచ్చి ఏసీలు వేసుకుని తలుపులు మూసుకుంటారు. పక్కింటాయన పేరు తెలియదు, ఆయన ప్లాటు నంబరు తెలుసు. "ముప్పై ఆరు ఆంటీ" అనీ, "పదకొండు అంకుల్" అనీ పిల్లలు పిలుస్తుంటే నేను చెవులారా విన్నాను.

ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. కృష్ణా జిల్లా వాళ్లు, గోదావరి వాళ్లు, హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చి ఉండిపోయినవాళ్లు, రెండు మూడు ఒరియా కుటుంబాలు. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు అక్కడ తక్కువే. వాట్సాప్ గ్రూపొకటి ఉంది, నన్నూ అందులో వేశారు. "అందరికీ కరెంటు పోయిందా?" అని ఒకరడిగితే "మాకుంది" అని ఇంకొకరు సంబరంగా జవాబిచ్చేవారు. కారు ఎవరి గేటుకి అడ్డం పెట్టారు, కుక్క ఎవరి పూలమొక్క తవ్వింది, ఇవే యుద్ధాలు. చెడ్డవాళ్లు కారు. అప్పు చేసి ఇల్లు కట్టుకుని, ఇంకా ఆ ఊరు తమదని నమ్మకం కుదరనివాళ్లు.

ఇక కమాను సంగతి. ఎస్.కోట నుంచి వచ్చిన పెయింటరు దాని మీద శుభ్రంగా "తాటిగెడ్డ కాలనీ" అని రాశాడు. మా వైపు గెడ్డ అంటే కొండల మీంచి దిగే వాగు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన మాట. పైజిల్లాల నుంచి వచ్చినవాళ్లకి ఆ మాట తెలియదు, గడ్డ తెలుసు. గడ్డ అంటే మెరక. పెయింటరుకి అక్షరాలు రావనుకుని అతని చేత ఎత్వం గీకించి తలకట్టు పెట్టించారు. "తాటిగడ్డ కాలనీ" అయింది. ఆ చోటుకే గడ్డ అని పేరుంటే వరద భయం లేదని కొన్నవాళ్లకి ధైర్యం కూడా వచ్చిందట. ఎండ ఏటవాలుగా పడినప్పుడు గీకేసిన ఎత్వం జాడ కనిపించేది. నేను అది చూసి నవ్వుకుని వెళ్లిపోయేదాన్ని.

గెడ్డ కాలనీ వెనక గోడని ఆనుకునే పోతుంది. ఏడాదిలో ఎక్కువకాలం ఎండిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కాలువనుకునేవారు. దాని పాత దారికి అడ్డంగా గోడ కట్టి, నీళ్లు పోవడానికి కింద ఓ కన్నం వదిలి, దానికి ఇనుప జాలీ బిగించారు.

పెట్టెలు

కాలనీకి లైను వేసేటప్పుడు నేను స్తంభాలు వేస్తానన్నాను. వాళ్లు ఒప్పుకోలేదు. తీగలు కనపడకూడదు, కేబుల్ భూమిలోంచే రావాలన్నారు. భూమిలోంచి వచ్చే కేబుల్‌కి వీధివీధికీ నడుమెత్తు ఇనప పెట్టె ఒకటి పెట్టి, అందులోంచి ఇళ్లకి పంచాలి. వెనక వీధిలో పెట్టాల్సిన పెట్టె సరిగ్గా ఆ గోడ పక్కనే వస్తుంది. అక్కడ వద్దని చెప్పాను.

"స్తంభాలు వేస్తే పల్లెటూరులా ఉంటుందండీ" అన్నారు అసోసియేషన్ వాళ్లు.

"పల్లెటూరే కదండీ ఇది" అన్నాను నేను. అక్కడితో వాళ్లకీ నాకూ చెడింది.

అప్పటి మా డివిజనల్ ఇంజినీరు, డీఈ గారు నన్ను పిలిచి, "సువార్తా, అడిగింది ఇచ్చెయ్. ఖర్చు వాళ్లది, నొప్పి నీకెందుకు?" అన్నారు. ఆయన చెడ్డ ఆఫీసరు కాదు, గొడవ అంటే భయం అంతే. గొడవంటే భయపడే ఆఫీసరు కింద పనిచేయడం కోపిష్టి ఆఫీసరు కింద పనిచేయడంకన్నా కష్టం. కోపిష్టి ఏం చేస్తాడో ముందే తెలుస్తుంది. పెట్టెలు పెట్టేశాం. కాలనీవాళ్లు వాటికి ఆకుపచ్చ రంగు వేయించి, చుట్టూ పూల కుండీలు పెట్టుకున్నారు.

నాకు పని నేర్పిన ఆఫీసరు వేరు. మాది కోటబొమ్మాళి దగ్గర. మా నాన్న మిషన్ చర్చిలో పాటలు పాడేవాడు, రెండెకరాల వరి చేసేవాడు. నా మొదటి పోస్టింగు కూడా ఆ దగ్గర్లోనే పడింది. అక్కడ ఏఈ గారు రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మీసాల్లోంచి మాట్లాడేవారు. ఒక మధ్యాహ్నం లైను ఆపి పొలాల్లో మా గ్యాంగు పని చేస్తోంది, మేం సబ్‌స్టేషన్‌లో ఉన్నాం. ఆ గ్యాంగులో ఒకడు ఫోన్ చేసి, "అయిపోనాది సార్" అన్నాడు. ఆపరేటరు స్విచ్ మీద చెయ్యి వేశాడు. ఏఈ గారు ఆగమని సైగ చేసి ఫోన్‌లో అడిగారు.

"ఏటి అయిపోనాది?"

"బోజనం సార్. బుగతయ్య మల్లీ స్తంబం ఎక్కతన్నాడు."

ఏఈ గారు ఫోన్ పెట్టేసి, ఆపరేటరు చేతిని స్విచ్ మీంచి తనే పక్కకి తీశారు. ఆ తర్వాత నా వైపు తిరిగి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అమ్మా, మనిషి అన్న మాట అడుగు. దాని అర్థం ఇంకొకడి చేత చెప్పించుకోకు."

కాలేజీలో నాలుగేళ్లు చదివిన చదువు ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ఆ మధ్యాహ్నం

నా రిటైర్‌మెంటు ముందటి వానాకాలంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు విడవకుండా కురిసింది. కొండల మీద పడ్డ నీళ్లన్నీ మూడోరోజు గెడ్డలోకి దిగాయి. గోడ కింద జాలీకి కొమ్మలూ, ప్లాస్టిక్కూ అడ్డం పడ్డాయి. గెడ్డ ఆ గోడ మీంచీ, పక్కల్నుంచీ కాలనీ వెనక వీధిలోకి వచ్చేసింది. కబురు అందగానే నేను ఆ కాలనీకి కరెంటు వెళ్లే ఫీడరు లైను ఆపించి సబ్‌స్టేషన్‌లోనే కూర్చున్నాను. మా లైన్‌మన్ సింహాచలం కాలనీకి బయల్దేరి, గేటు ముందున్న కల్వర్టు మునిగిపోవడంతో ఇవతల చిక్కుకుపోయాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి కనపడదు.

లోపలి నుంచి, పార్కుకి ఎదురుగా ఉన్న తన ఇంటి వరండాలోంచి, నాతో మాట్లాడుతున్నది అసోసియేషన్ సెక్రటరీ ప్రసాదరావు గారు. కృష్ణా జిల్లా మనిషి, విశాఖలో కంపెనీ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మర్యాదస్తుడు. స్తంభాల గొడవ తర్వాత కూడా నన్ను "అమ్మా" అనే పిలిచేవారు. ఆయన తల్లి రత్తమ్మ గారికి ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నారు. ఇన్వర్టరు మీద నడుస్తున్న ఆ యంత్రం, బ్యాటరీ అయిపోవస్తుంటే, ఇప్పుడు కూత పెట్టడం మొదలుపెట్టింది.

"మేడం గారూ, మా అమ్మ పెదాలు నల్లబడుతున్నాయండీ. ముందు వీధులు పొడిగానే ఉన్నాయి. దయచేసి కరెంటు ఇప్పించండి."

"వెనక వీధిలో మనుషులున్నారా?"

"లేరండీ. అందర్నీ పార్కులో గడ్డ మీదికి తెచ్చేశాం. పిల్లలతో సహా."

ముందు వీధులకి ఇస్తే వెనక వీధికీ వెళ్తుంది. ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. పెట్టె తడిసి ఉంటే ఫ్యూజు పోతుంది, పోతే పోనీ. కానీ ఫ్యూజు పోయేలోపల ఆ నీళ్లలో ఎవరూ ఉండకూడదు. పుస్తకం ప్రకారం అయితే మా మనిషి కళ్లతో చూసి చెప్పేదాకా ఇవ్వనే కూడదు. పుస్తకం రాసినవాళ్లకి ఫోన్‌లో ఆ యంత్రం కూత వినపడి ఉండదు. నాకు వినపడుతోంది.

ఇంతలో డీఈ గారి ఫోన్. ఈయన కొత్తాయన. కాలనీలో ఎవరో ఆయనకి చెప్పేశారు.

"మనుషులంతా మెరక మీద ఉన్నారట కదా, ఇంకా ఏం చూస్తున్నావు? ముసలావిడకేమైనా అయితే పేపర్లో నీ పేరు వస్తుంది, నా పేరూ వస్తుంది. ఇచ్చెయ్."

ఆపరేటరు స్విచ్ దగ్గర నిలబడి నా మొహమే చూస్తున్నాడు. నేను తల ఊపబోయాను. ఎందుకో కాలనీ గేటు కళ్లముందు మెదిలింది. ఎప్పుడు వెళ్లినా గొలుసు తీసి, "అమ్మగోరు వచ్చీసినారు" అని నవ్వే వాచ్‌మన్ అప్పన్న గుర్తొచ్చాడు. గెడ్డకి అవతలి పల్లె మనిషి. గేటు పక్క గదిలో భార్య పైడమ్మతో ఉంటాడు. అతనికి ప్లాటు నంబరు లేదు. కాలనీవాళ్లు "అందరూ" అంటే ఆ లెక్కలో వస్తాడో రాడో.

"అప్పన్న ఏడండీ?" అనడిగాను ప్రసాదరావు గారిని.

"పొద్దున్న జాలీ దగ్గర చెత్త తియ్యమని నేనే పంపానండీ. వచ్చేసి ఉంటాడు. అతనూ గడ్డ మీదే. ఇందాకే వాళ్లావిడ చెప్పింది."

"మీరు చూశారా?"

"చూళ్లేదండీ, గడ్డ మీద జనం కిటకిటలాడుతున్నారు. ఆవిడ రెండుసార్లు చెప్పింది. మేడం గారూ, అమ్మ..."

"ఆవిడ ఏమని చెప్పింది? ఆవిడ అన్న మాటే చెప్పండి."

ఆయనకి విసుగొచ్చింది. వస్తుంది మరి. "అదేనండీ, గెడ్డలో ఉన్నాడంది. గడ్డ అనడానికి గెడ్డ అంటారు కదా మీ వైపు."

ఆపరేటరుతో "చెయ్యి తియ్, దూరంగా జరుగు" అని అరిచాను. అతను నిజంగానే రెండడుగులు వెనక్కి గెంతాడు.

"ఫోన్ పైడమ్మకివ్వండి" అన్నాను.

వాన హోరు, పిల్లల ఏడుపులు, వాటి మధ్యలోంచి పైడమ్మ గొంతు.

"ఎవులు? అమ్మా, నువ్వేనా! నాను ఎవులికి సెప్తన్నా ఇనుకోవట్లేదమ్మా. ఆడు గెడ్డల ఉన్నాడు. గోడ కాడ. మెడకంటా నీరొచ్చీసినాది. కేకేత్తన్నాడు. ఈ బాబు 'సరేలే, బాగానే ఉన్నాడు' అంతన్నాడు. ఏటి బాగున్నాది?"

ఆ పక్క నుంచి ప్రసాదరావు గారు "ఏమిటీ, ఎక్కడా?" అనడం వినపడింది. నేను మర్యాదలు చూసుకునే స్థితిలో లేను.

"ప్రసాదరావు గారూ, గెడ్డ అంటే వాగు. మీరు పంపిన మనిషి వాగులో ఉన్నాడు. ఇప్పుడు కరెంటిస్తే వాడు చచ్చిపోతాడు. ఇవ్వను. మీ అమ్మగారిని గేటు దగ్గరికి తీసుకురండి, అంబులెన్సుని కల్వర్టు ఇవతలికి పిలిపిస్తాను. తాడూ, ఈత వచ్చినవాళ్లూ వెనక గోడ దగ్గరికి వెళ్లాలి. చెప్పండి అందరికీ."

నేను చూడలేదు, తర్వాత విన్నదే రాస్తున్నాను. ప్లాటు నంబర్లతో పిలుచుకునే ఆ మనుషులు ఒక్కసారి కదిలారట. షిప్‌యార్డులో పనిచేసే కుర్రాళ్లిద్దరు నడుముకి తాడు కట్టుకుని వెనక వీధిలోకి దిగారు. ఆ తాడు కొసని, కారు అడ్డం పెట్టినందుకు ఏడాదిగా మాటల్లేని ఇద్దరు మనుషులు కలిసి పట్టుకున్నారు. ఇవతల సింహాచలం ఇటుకల బట్టీ ట్రాక్టరొకటి తెచ్చి, కల్వర్టు మీంచి లోపలికి నడిపించాడు. రత్తమ్మ గారిని మంచంతో సహా దాని మీదికి ఎక్కించారు. యంత్రం అప్పటికే ఆగిపోయింది. ప్రసాదరావు గారు తల్లి వెంట ట్రాక్టరు ఎక్కలేదు. భార్యని పంపి, తాను వెనక వీధిలో నడుములోతు నీళ్లలోకి వెళ్లారు.

సబ్‌స్టేషన్‌లో నేను చేయగలిగింది ఏమీ లేదు. డీఈ గారు మళ్లీ చేశారు, తీయలేదు. మా నాన్న నేర్పిన ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "ప్రభువా" అని అక్కడే ఆగిపోతున్నాను. ముసలావిడ పోతే చంపింది నేనే అవుతాను. అప్పన్న దొరక్కపోతే ఇదంతా ఎందుకు చేశానని అడుగుతారు.

చివరికి సింహాచలం ఫోన్ వచ్చింది. ఊపిరాడ్డం లేదు అతనికి.

"అమ్మా, పెద్దమ్మకి అంబులెన్సోల్లు గాలెట్టినారు, కళ్లు తెరిసినాది."

"అప్పన్నో?"

"తీసినామమ్మా. బతికే ఉన్నాడు. అమ్మా, మరేటంటే... ఆడు మన పెట్టిని వాటేసుకుని ఉన్నాడమ్మా. వరద లాక్కెళిపోకుండా రెండు సేతుల్తో దాన్నే పట్టుకున్నాడు. తలుపు ఊడిపోనాది. లోపలంతా నీరే."

ఆపరేటరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఇద్దరం స్విచ్ వైపు చూడలేకపోయాం.

తర్వాత

డీఈ గారు మర్నాడు వచ్చి, "ఇచ్చెయ్ అని నేను అనలేదు, చూసి ఇవ్వమన్నాను" అన్నారు. పైవాళ్లు ఫోన్‌లో చెప్పిన మాటలు ఇలాగే రంగు మారతాయి. కొత్తగా చేరినవాళ్లు అది తెలుసుకుని ఉండండి. ఆయన మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు ఆరోజు లేకపోయింది.

రత్తమ్మ గారు ఆస్పత్రి నుంచి రాగానే అప్పన్నని ఇంట్లోకి పిలిపించి పక్కన కుర్చీ వేయించారట. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు అతను అక్కడే, కుర్చీ అంచున ఒదిగి కూర్చుని ఉన్నాడు. చేతుల మీద చర్మం ఇంకా మానలేదు.

"నా ఊపిరి కోసం నీ ప్రాణం తీసేవాళ్లం, నాయనా" అందావిడ. కళ్లలో నీళ్లు.

అప్పన్న చేతులు ఒళ్లో దాచుకున్నాడు. "ఏటోనమ్మా. పెట్టి దొరికినాది, పట్టుకున్నాను. అది కరెంటు పెట్టి అని నాకు అప్పుడు గేపకమే రాలేదు."

వెనక గోడకి పెద్ద ఖాళీ వదిలి గెడ్డ దారి గెడ్డకి ఇచ్చేశారు. ఆ వీధిలో పెట్టె పీకించి స్తంభం వేశాను, ఎవరూ పల్లెటూరనలేదు. ఇక మిగిలింది కమాను మీద అక్షరం. దాన్ని దిద్దాలని ప్రసాదరావు గారు మీటింగులో అంటే సగంమంది గోల చేశారు. గెడ్డ అని రాస్తే అర్థం తెలిసినవాడెవడూ ప్లాటు కొనడన్నారు. కొన్ని వారాలు వాట్సాప్‌లో అదే రగడ. నేను గ్రూపులో నోరు విప్పలేదు. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకి తెలుస్తుంది.

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. మొన్న వానాకాలం మొదట్లో ఇంట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటుంటే కొత్త ఏఈ అమ్మాయి ఫోన్ చేసింది. తాటిగెడ్డ నుంచి ఒక పెద్దాయన వాన పడ్డప్పుడల్లా సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడట. చిరాకుగా ఉందంది.

"ఏమంటాడు?" అనడిగాను. "ఆయన అన్న మాటే చెప్పు."

"ఏముంది మేడం, ప్రతిసారీ అదే. 'అమ్మా, నేను ప్రసాదరావుని. గెడ్డకి ఎత్వం ఉంది. ఇప్పుడే వెనక్కి వెళ్లి చూసొచ్చాను. అప్పన్న నా పక్కనే ఉన్నాడు' అంటాడు. ఆ ఎత్వం ఏంటో నాకర్థం కాలేదు. నిన్న ఆ దారిన వెళ్తూ చూశాను, కమాను మీద 'గె' ఒక్కటే వేరే రంగులో ఉంది, వంకరగా. ఎవరో నిచ్చెనెక్కి సొంతంగా రాసినట్టున్నారు."

బియ్యం చేట పక్కన పెట్టాను. తర్వాత ఆ అమ్మాయికి చెప్పాను, ఆయన ఫోన్ ఎప్పుడొచ్చినా తియ్యమని.